కంప్యూటర్ వాడకంలో కరెంటూ చెత్తా తగ్గించుకోవడం: ఏది ముందు, ఏది వెనక

కంప్యూటర్‌ను పర్యావరణానికి భారం కాకుండా వాడుకోవడం గురించి వినపడే సలహాలు చాలానే ఉన్నాయి. పాత మెయిళ్లు చెరిపేయమంటారు, ఛార్జర్ పీకేయమంటారు, స్క్రీన్‌ను నల్లరంగులోకి మార్చమంటారు. ఇవన్నీ ఏడాది పొడవునా నిష్ఠగా పాటించినా చాలామందికి మిగిలేది ఏ రెండు మూడు యూనిట్లో. అసలు బరువు రెండుచోట్ల ఉంది. ఒకటి, యంత్రం మన చేతికి రాకముందే దాని తయారీకి అయిపోయిన ఖర్చు. రెండు, ఎవరూ వాడని గంటల్లో అది తాగే కరెంటు. ఈ రెంటినీ పట్టుకుంటే మిగతావి తీరిగ్గా చూసుకోవచ్చు.

ముందు కొలత

గోడ సాకెట్‌కూ ప్లగ్‌కూ మధ్య పెట్టే వాట్ మీటర్ ఒకటి సంపాదించండి. నాలుగు రోజులకు అరువు తెచ్చుకున్నా చాలు. నాలుగు రీడింగులు రాసుకోవాలి: ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు, మామూలు పనిలో, స్లీప్‌లో, షట్‌డౌన్ చేశాక. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ పూర్తిగా నిండాకే కొలవండి, లేకపోతే ఛార్జింగుకు పోయే వాట్లు కూడా అందులో కలిసిపోతాయి. ఒకటి రెండు వాట్ల లోపు అంకెలను చిన్న మీటర్లు సరిగా పట్టుకోలేవు కాబట్టి అక్కడ ఉజ్జాయింపుగానే తీసుకోండి.

తేలికపాటి పనిలో ల్యాప్‌టాప్ 10 నుంచి 25 వాట్లు తీసుకుంటుంది. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా 40 నుంచి 80 దాకా తాగుతుంది. భారీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నది ఆట నడుస్తుండగా 300 దాటడం మామూలే. 24 అంగుళాల మానిటర్ 15 నుంచి 25, రౌటర్ 5 నుంచి 15. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి.

ఇక లెక్క చూడండి. 60 వాట్ల డెస్క్‌టాప్‌ను రోజుకు 8 గంటలు వాడి, మిగతా 16 గంటలు అలాగే వదిలేస్తే ఆ వృథా ఒక్కటే ఏడాదికి 350 యూనిట్లు. అదే 16 గంటలు 2 వాట్ల స్లీప్‌లో ఉంటే 12 యూనిట్లు. ఇంత తేడా తెచ్చే సెట్టింగు కంప్యూటర్‌లో ఇంకొకటి లేదు.

ల్యాప్‌టాప్ కథ వేరు. 15 వాట్ల యంత్రాన్ని రోజుకు 6 గంటల చొప్పున 300 రోజులు వాడితే అయ్యేది 27 యూనిట్లే. యూనిట్‌కు అర కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే ఏడాదికి పదమూడున్నర కిలోలు. (బొగ్గు మీదే నడిచే గ్రిడ్‌లో ఇది యూనిట్‌కు కిలో దాకా ఉంటుంది, జలవిద్యుత్తు ఎక్కువగా ఉన్నచోట 100 గ్రాములకు లోపే.) తయారీదారులు తమ మోడళ్లకు ప్రకటించే కార్బన్ నివేదికల్లో మాత్రం సాధారణ ల్యాప్‌టాప్ మొత్తం భారం వందల కిలోల్లో ఉంటుంది, అందులో పెద్ద వాటా తయారీదే. తయారీకి 200 కిలోలు అనుకుందాం. నాలుగేళ్లకు పారేస్తే ఏడాదికి 50 కిలోలు పడింది. ఏడేళ్లు నిలబెడితే 29. ఆ తేడా 21 కిలోలు, అంటే ఏడాదంతా వాడిన కరెంటు కన్నా ఎక్కువ. అందుకే డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు స్లీప్‌తో మొదలుపెట్టాలి, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు స్క్రూడ్రైవర్‌తో.

నిద్రపోని కంప్యూటర్

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అనే చోటికి వెళ్లి స్క్రీన్ 5 నిమిషాలకు ఆరిపోయేలా, యంత్రం 15 నిమిషాలకు స్లీప్‌లోకి వెళ్లేలా పెట్టండి. విండోస్ 11లో అక్కడే ఎనర్జీ రికమెండేషన్స్ అనే వరుస ఉంటుంది, ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మ్యాక్‌లో బ్యాటరీ లేదా ఎనర్జీ, లాక్ స్క్రీన్ పేజీల్లో చూడండి. స్క్రీన్ సేవర్ తీసేయండి. పాత గాజు గొట్టపు తెరల మీద ఒకే బొమ్మ మచ్చ పడకుండా పుట్టిన ఏర్పాటు అది. ఇప్పటి ఎల్‌సీడీ మీద తెర వెలుగుతూనే ఉంటుంది, ప్రాసెసర్‌కు అదనపు పని పడుతుంది.

సెట్ చేశాక కూడా యంత్రం మెలకువగానే ఉంటోందంటే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఆపుతోందన్నమాట. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని ఇంగ్లీషులో ఒకే పదంగా కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి రిక్వెస్ట్స్ (requests) అని కలపండి. అప్పుడు అడ్డుపడుతున్న ప్రోగ్రామ్ పేరు వస్తుంది. సాధారణంగా దొరికే దొంగలు: శబ్దం తెరిచి ఉంచిన బ్రౌజర్ ట్యాబ్, ఆగిపోయిన ప్రింట్ జాబ్, నెట్‌వర్క్‌లో పంచిన ఫైలు, మూయడం మరిచిన వీడియో మీటింగ్.

నిద్రపోయినది అర్ధరాత్రి దానంతటదే లేస్తోందా? స్లాష్ తర్వాత లాస్ట్‌వేక్ అని కొడితే లేపింది ఎవరో చెబుతుంది. వేక్‌టైమర్స్ అని కొడితే లేపడానికి కాచుకున్న పనుల జాబితా వస్తుంది. మౌస్ దోషి అయితే డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే టిక్ తీసేయండి. కీబోర్డుకు మాత్రం ఉంచండి. నెట్‌వర్క్ కార్డుకు కూడా అదే ట్యాబ్ ఉంటుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. చాలావాటిలో పాత తరహా స్లీప్ లేదు. మోడర్న్ స్టాండ్‌బై అనే పద్ధతిలో తెర ఆరినా నెట్‌వర్క్, అప్‌డేట్లు వెనకాల నడుస్తూ ఉంటాయి. మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ సగానికి పడిపోవడానికి ఇదే కారణం. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొడితే మీది ఏ రకమో తెలుస్తుంది. ఎస్0 లో పవర్ ఐడిల్ (S0 Low Power Idle) అని ఉంటే మూత మూయగానే స్లీప్‌కు బదులు హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మూత మూస్తే ఏం చేయాలో ఎంచుకునే పేజీ ఉంటుంది. హైబర్నేట్ ర్యామ్‌లోని పనిని డిస్క్ మీద రాసి యంత్రాన్ని ఆపేస్తుంది కాబట్టి, ఆ ఫైలుకు విండోస్ ర్యామ్ పరిమాణంలో దాదాపు 40 శాతం జాగా తీసుకుంటుంది. డిస్క్ నిండిపోయి ఉంటే ఈ మార్గం పనిచేయదు.

మాటిమాటికీ ఆన్ చేయడం వల్లే ఎక్కువ కరెంటు పోతుందన్న నమ్మకం ఇంకా ఉంది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్న యంత్రం 60 వాట్లతో అర నిమిషంలో తెరుచుకుంటే అయ్యేది అర వాట్-అవర్. 2 వాట్ల స్లీప్‌లో పావుగంటకు కూడా అంతే పోతుంది. భోజనానికి లేస్తే స్లీప్, రాత్రికి షట్‌డౌన్, అంతే.

గోడ దగ్గర స్విచ్

షట్‌డౌన్ చేసినా డెస్క్‌టాప్, మానిటర్, స్పీకర్లు, ప్రింటర్ కలిసి కొన్ని వాట్లు లాగుతూనే ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2010లో స్టాండ్‌బైకి 1 వాట్, 2013 నుంచి అర వాట్ హద్దు పెట్టింది కాబట్టి కొత్త పరికరాల్లో ఇది తక్కువ. పాత స్పీకర్ల ఆంప్లిఫయర్లు, పాత ప్రింటర్లే ఎక్కువ తింటాయి. అన్నీ ఒక స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, షట్‌డౌన్ పూర్తయి ఫ్యాన్ ఆగాక బోర్డు కట్టేయండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను ముందు ఎజెక్ట్ చేయాలి. రాత కొనసాగుతుండగా కరెంటు తెగితే ఫైల్ వ్యవస్థ పాడవుతుంది.

స్విచ్ కట్టడం కుదరకపోతే డెస్క్‌టాప్ బయోస్‌లో (ఆన్ చేయగానే కీ నొక్కి తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఈఆర్‌పీ అనే సెట్టింగు వెతకండి. దాన్ని ఎనేబుల్ చేస్తే ఆపాక యంత్రం లాగేది బాగా తగ్గుతుంది. బదులుగా నెట్‌వర్క్ ద్వారా లేపడం, ఆపిన యంత్రం నుంచి యూఎస్‌బీ ఛార్జింగ్ ఆగిపోతాయి. ఇలా రోజంతా కరెంటు లేకుండా ఉంచే డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, అంటే సీఆర్2032, కాస్త ముందుగా అయిపోతుంది. గడియారం పాత తేదీకి పోవడం, దానివల్ల వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పు చూపడం దాని లక్షణాలు. కంప్యూటర్ పోయిందనుకోకండి, బిళ్ల మారిస్తే చాలు.

ఇంక్‌జెట్ ప్రింటర్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని దాని సొంత బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ తన గూట్లోకి వెళ్లి మూత పెట్టుకుంటుంది. నేరుగా గోడ దగ్గర కట్టేస్తే నాజిళ్లు ఎండిపోతాయి, మళ్లీ తెరిచినప్పుడు శుభ్రం చేసుకోవడానికి ఇంకు ఒలకబోస్తుంది. కరెంటు ఆదా చేయబోయి కార్ట్రిడ్జ్ పారేసినట్టవుతుంది. ప్రింటర్ డ్రైవర్‌లో రెండువైపులా ముద్రణను డిఫాల్ట్‌గా పెట్టేస్తే ఆ సంగతి మళ్లీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఖాళీ ఛార్జర్ సంగతి: అమెరికా 2016లో తెచ్చిన ప్రమాణం ప్రకారం మామూలు ల్యాప్‌టాప్ అడాప్టర్ ఖాళీగా 0.21 వాట్లకు మించి లాగకూడదు. ఏడాదంతా గోడకే ఉన్నా రెండు యూనిట్లలోపే. పీకితే మంచిదే, పీకకపోతే బాధపడక్కర్లేదు.

తెర, ప్రాసెసర్

మానిటర్‌లో కరెంటు పోయేది ఎక్కువగా వెనక దీపానికే. పెట్టెలోంచి తీసినప్పుడు వెలుగు గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకే వెలుగులో కనిపించేదాకా తగ్గించండి. గదిలో వాడేవాళ్లకు అది సాధారణంగా సగానికి అటూ ఇటూ ఉంటుంది, కళ్లకూ హాయి. డార్క్ మోడ్ వల్ల లాభం ఓఎల్ఈడీ తెరల మీదే, ఎందుకంటే అక్కడ నల్ల పిక్సెల్ ఆరిపోతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో ఫోన్ల మీద కొలిస్తే, వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు ఆదా 3 నుంచి 9 శాతమే తేలింది. పూర్తి వెలుగులోనైతే 39 నుంచి 47. ఎల్‌సీడీ మీద దీపం ఎలాగూ వెలుగుతుంది కాబట్టి ఆదా ఏమీ లేనట్టే.

రెండు మానిటర్లు వేర్వేరు రిఫ్రెష్ రేట్లలో (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) ఉంటే కొన్ని గ్రాఫిక్స్ కార్డుల మెమరీ ఖాళీ సమయంలో కూడా పూర్తి వేగంతో నడుస్తుంది. మీటర్‌లో కారణం తెలియని 20 వాట్లు కనిపిస్తే రెండింటినీ 60 హెర్ట్జ్‌కు తెచ్చి మళ్లీ చూడండి. ఆటలు ఆడేవాళ్లు ఫ్రేమ్ రేటును మానిటర్ చూపగలిగినంతకే పరిమితం చేయాలి. 60 హెర్ట్జ్ తెరకు 200 ఫ్రేములు గీయించడం వేడి పుట్టించడానికే.

వీడియో చూస్తుంటే ఫ్యాన్ మోత మోగుతోందంటే, ఆ వీడియో ఏవీ1 అనే కుదింపు పద్ధతిలో వస్తుండవచ్చు. దాన్ని చిప్‌లోనే విప్పే సామర్థ్యం 2020 నుంచి వచ్చిన ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డుల్లోనే మొదలైంది. అంతకు ముందువి ప్రాసెసర్ బలంతో విప్పుతాయి. బ్రౌజర్‌లో హెచ్264 వీడియోనే అడిగేలా చేసే యాడ్-ఆన్ పెట్టుకోండి, లేదా వీడియోను 720పీకి దించండి. ప్రకటనలను ఆపే యాడ్-ఆన్ పెట్టుకుంటే పాత యంత్రానికి ఊపిరి ఆడుతుంది.

ఇంటర్నెట్ భారం

వీడియో చూడటం మహాపాపమన్నట్టు 2019 ప్రాంతంలో కొన్ని పెద్ద అంకెలు తిరిగాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క తిరగేసి, గంట వీడియోకు సగటున 0.08 యూనిట్ల వంతున తేల్చింది. అందులో దాదాపు 70 శాతం చూసే పరికరానిదే. కాబట్టి పెద్ద టీవీలో కాక ల్యాప్‌టాప్‌లో చూడటం తేడా తెస్తుంది. ఇన్‌బాక్స్ ఖాళీ చేయడం తేదు. మెయిళ్లు వెతికి చెరుపుతూ గంట కూర్చుంటే ఆ గంట తెర తినే కరెంటే ఎక్కువ. కృత్రిమ మేధకు వేసే మామూలు అక్షర ప్రశ్నకు 2025లో గూగుల్ చెప్పిన అంకె 0.24 వాట్-అవర్, అంటే 20 వాట్ల ల్యాప్‌టాప్ ముక్కాలు నిమిషం నడిచినంత. బొమ్మలు, వీడియోలు పుట్టించడం వేరే స్థాయి పని.

పాత యంత్రాన్ని నిలబెట్టడం

నెమ్మదించిందని పక్కన పెట్టే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి జబ్బు ఒకటే: తిరిగే హార్డ్ డిస్క్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. డిస్క్ పక్కన హెచ్‌డీడీ అని ఉండి, ఏ పనీ లేకున్నా 100 శాతం చూపుతోందంటే ఎస్ఎస్‌డీ వేయాలి.

కొనేముందు సరిగా సరిపోల్చుకోండి. 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత పద్ధతి) ఎస్ఎస్‌డీలు 7 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. పాత డిస్క్ 9.5 ఉంటే మిగిలిన సందుకు చిన్న ప్లాస్టిక్ చట్రం పెట్టాలి, లేకపోతే కనెక్టర్ వదులై అప్పుడప్పుడు డిస్క్ మాయమవుతుంది. ఎం.2 స్లాట్ (సన్నని పట్టీలాంటి ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉంటే అది సాటాదా, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈదా అని ఆ మోడల్ మాన్యువల్‌లో చూడండి. రెండూ చూడ్డానికి దాదాపు ఒకటే, అయినా రెండింటినీ తీసుకునే స్లాట్ కాకపోతే ఒకదానికి ఇంకోటి పనిచేయదు. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 గాట్లు వేరు కాబట్టి పొరపాటున పట్టవు. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మాత్రం ఒకే స్లాట్‌లో కూర్చుంటాయి. 1.35 వోల్టులే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల ర్యామ్ పెడితే తెర నల్లగానే ఉంటుంది. సన్నని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అప్పుడు ఆశ వదులుకోవాలి.

విప్పే క్రమం: బ్యాకప్ తీయండి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేయండి. అడుగు మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి ఉంచాలి, మిగతా ఏది ముట్టుకున్నా ఆ తర్వాతే. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. కాగితం మీద యంత్రం బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. పొట్టి చోట పొడవు స్క్రూ బిగిస్తే లోపలి బోర్డునో కీబోర్డునో పొడుస్తుంది. తీసిన డిస్క్ బాగానే ఉంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవచ్చు.

మూత తీసినప్పుడే దుమ్ము చూడండి. ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, గాలి డబ్బాను నిలువుగా ఉంచి చిన్నచిన్న ఊదులు ఊదాలి. పట్టుకోకపోతే రెక్క హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. డబ్బా వంచితే గాలికి బదులు ద్రవం చిమ్ముతుంది. శుభ్రం చేశాక కూడా యంత్రం మండిపోతుంటే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేర్చే ముద్ద) ఎండి ఉండొచ్చు. పాతదాన్ని 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ల్యాప్‌టాప్ చిప్ మీద బియ్యపు గింజంత పెట్టండి. పక్కన మెమరీ చిప్‌ల మీద మెత్తని ప్యాడ్‌లు ఉంటే వాటి చోట పేస్ట్ పూయొద్దు. అక్కడి సందు పేస్ట్‌తో పూడేది కాదు.

బ్యాటరీకి శత్రువులు వేడి, నిండుగా ఉండిపోవడం. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్‌కు తయారీదారు యాప్‌లోనో బయోస్‌లోనో 80 శాతం హద్దు పెట్టండి. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జితో ఉంచాలి. ఎంత అరిగిందో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ చెబుతుంది. అందులో డిజైన్ సామర్థ్యాన్నీ ఇప్పుడు నిండే సామర్థ్యాన్నీ పోల్చండి. అరవై శాతానికి దిగినా మీ పని సాగుతోందంటే మార్చొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా మాత్రం ఆ క్షణమే ఛార్జింగ్ ఆపేయాలి. నొక్కడం, గుచ్చడం చేయకూడదు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదని వచ్చినా వెంటనే నమ్మకండి. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) ఉండి కూడా బయోస్‌లో ఆపి ఉండొచ్చు. ఇంటెల్ వాటిలో పీటీటీ, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, ఆన్ చేసి మళ్లీ పరీక్షించండి. ప్రాసెసరే పాతదైతే, ఉదాహరణకు ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందుదైతే, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. 4 జీబీ ర్యామ్ ఉంటే దాని ఎక్స్ఎఫ్‌సీఈ రకం నయం. 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి: వైఫై, శబ్దం, తెర వెలుగు, ప్రింటర్, మూత మూసి తెరిస్తే లేవడం. ఈ అయిదూ సరిగ్గా ఉంటేనే డిస్క్ చెరపండి. బ్రౌజర్‌తోనే పని గడిచేవాళ్లకు గూగుల్ ఇచ్చే క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది, కాకపోతే అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు నడవవు.

పాతదాన్ని నిలబెట్టడం తప్పయ్యే సందర్భం ఒకటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే 100 వాట్ల పాత డెస్క్‌టాప్ ఏడాదికి 876 యూనిట్లు తింటుంది. అదే ఫైల్ సర్వర్ పనిని 10 వాట్ల చిన్న పీసీ 88 యూనిట్లతో చేస్తుంది. ఇక్కడ మార్చడమే మేలు. వాడేసిన చిన్న పీసీ దొరికితే ఇంకా మేలు.

కొనేటప్పుడు, వదిలించుకునేటప్పుడు

కొనక తప్పకపోతే ముందు కార్యాలయాలు వాడి తీసేసిన వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లు చూడండి. వాటి విడిభాగాలు, మాన్యువల్స్ దొరుకుతాయి, ర్యామ్, బ్యాటరీ మార్చుకోవచ్చు. కొత్తదైతే ఎనర్జీ స్టార్, ఎపీట్ లేదా టీసీఓ అనే కరెంటు పొదుపు, పర్యావరణ ప్రమాణాల ముద్ర వెతకండి. డెస్క్‌టాప్ కట్టుకునేవాళ్లు 850 వాట్ల పవర్ సప్లై తెచ్చి 60 వాట్ల పనికి వాడొద్దు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది సగం భారం మీద 90 శాతం సామర్థ్యం చూపుతుంది. పదో వంతు భారం మీద అంత రాదు.

2022లో ప్రపంచంలో పుట్టిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. కాబట్టి రీసైక్లింగ్ కన్నా ముందు ఇంకొకరికి ఇవ్వడం చూడండి. హార్డ్ డిస్క్‌ను ఒకసారి పూర్తిగా సున్నాలతో తిరగరాస్తే సరిపోతుంది, ఏడుసార్లు అక్కర్లేదు. ఎస్ఎస్‌డీకి అలా తిరగరాయడం నమ్మకం కాదు, కొన్ని బ్లాకులు దానికి అందవు. దానికి బయోస్‌లోనో తయారీదారు టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి, లేదా డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేశాక రీసెట్ చేయండి. మ్యాక్ అయితే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. బయోస్ పాస్‌వర్డ్ కూడా తీసేయాలి. ఈ రెండూ మరిస్తే బాగున్న యంత్రం కూడా తీసుకున్నవాళ్ల చేతిలో ఇటుకే.

ఎవరికీ పనికిరాని స్థితికొస్తే బ్యాటరీ తీసి, దాని కనెక్టర్ మీద టేపు వేసి, గుర్తింపు ఉన్న సేకరణ కేంద్రంలో విడిగా అప్పగించండి. తీయడం తెలియకపోతే యంత్రంతోపాటే ఇచ్చి, బ్యాటరీ లోపలే ఉందని వాళ్లకు చెప్పండి. ఉబ్బినదైతే మంట అంటుకోని డబ్బాలో ఇసుక పోసి అందులో ఉంచి తీసుకెళ్లండి. మామూలు చెత్తబండిలో అది నలిగితే మంట లేస్తుంది.